వేలికీ తెరకూ నడుమ

మనిషి వేలు తెరను తాకిన క్షణానికీ, ఆ తాకిడికి బదులుగా తెరపై ఏదో ఒక మార్పు కంటికి కనిపించే క్షణానికీ మధ్య ఎంతో కొంత వ్యవధి ఉండి తీరుతుంది. సాంకేతిక నిపుణులు లేటెన్సీ అని పిలిచే ఈ వ్యవధికి తెలుగులో జాప్యం అన్న మాట సరిపోతుంది. దీనిని కొలిచే మానం మిల్లీసెకను, అంటే సెకనులో వెయ్యవ వంతు. అంత చిన్న తునకను మనిషి ఇంద్రియాలు గుర్తుపట్టగలవా అన్న సందేహం సహజమే. కంప్యూటర్ రంగంలో దీనికి అర్ధ శతాబ్దంగా ఒక సిద్ధమైన జవాబు చలామణిలో ఉంది: 100 మిల్లీసెకన్ల లోపు జరిగినదంతా మనిషికి తక్షణంగానే తోస్తుందని, అంతకన్న తగ్గించాలని చూడడం వృథా ప్రయాస అని. ఈ జవాబు అబద్ధం కాదు గాని సగం మాత్రమే నిజం. మిగిలిన సగాన్ని పట్టించుకోకపోవడం వల్ల ఎందరెందరి చేతుల్లోనో ఉన్న పరికరాలు ఉండవలసిన దానికంటే మొండిగా ఉన్నాయి. చిన్న జాప్యాన్ని మనిషి చాలా సందర్భాల్లో కాలంగా గ్రహించడు. దూరంగా, బరువుగా, ఒక్కోసారి తన చేయి తన మాట విననట్టుగా గ్రహిస్తాడు. అందువల్లనే ఎంత ఆలస్యమైందని అడిగితే చెప్పలేని మనిషి కూడా, ఇందులో ఏదో తేడా ఉందని మాత్రం తడుముకోకుండా చెప్పగలుగుతాడు.

ఈ విషయంపై శాస్త్రీయమైన ఆలోచన కంప్యూటర్లు పుట్టడానికి ఒకటిన్నర శతాబ్దాల ముందే, ఒక నక్షత్ర వేధశాలలో మొదలయింది. ఇంగ్లండులోని గ్రీనిచ్ వేధశాల అధిపతి నెవిల్ మాస్కెలిన్ 1796లో తన సహాయకుడు డేవిడ్ కిన్నెబ్రూక్‌ను కొలువు నుంచి తొలగించాడు. దూరదర్శినిలో అమర్చిన సన్నని తీగను నక్షత్రం దాటే క్షణాన్ని, పక్కనే ఉన్న గడియారపు టిక్కులను చెవితో వింటూ, కంటితో చూస్తూ నమోదు చేయడం ఆ సహాయకుడి పని. అతడు నమోదు చేసిన కాలాలు మాస్కెలిన్ నమోదు చేసిన వాటికంటే 800 మిల్లీసెకన్ల వరకు వెనకబడి ఉండేవి. మాస్కెలిన్ దానిని అజాగ్రత్తగా భావించాడు. ఆ తరువాత కొన్నేళ్లకు కోనిగ్స్‌బర్గ్ నగరంలో పనిచేస్తున్న ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ బెస్సెల్ ఈ ఉదంతాన్ని చదివి, పేరుమోసిన పరిశీలకుల మధ్య కూడా ఇలాంటి తేడాలు ఉంటాయని, అవి ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా ఉంటాయని పోల్చి చూపాడు. కంటికి కనబడిన దానినీ చెవికి వినబడిన దానినీ ఒకే క్షణానికి చెందినవిగా కూర్చడం మెదడు చేసే పని అని, ఆ కూర్పు అందరిలో ఒకేలా ఉండదని దీనివల్ల తేలింది. కొలువు పోగొట్టుకున్న ఆ సహాయకుడికి జరిగిన అన్యాయం అప్పటికి సరిదిద్దలేనిదిగా మిగిలిపోయింది.

అదే కోనిగ్స్‌బర్గ్‌లో 1850లో హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ కప్ప కాలి నరంలో సంకేతం ప్రయాణించే వేగాన్ని కొలిచాడు. అది ఎన్నటికీ కొలతకు అందదని ఆయన గురువు యోహానెస్ మ్యూలర్ అభిప్రాయపడి ఉండగా, హెల్మ్‌హోల్ట్జ్‌కు అది సెకనుకు ముప్పై మీటర్ల దరిదాపుల్లో ఉన్నట్టు, అంటే నేటి రైలుబండి వేగంకంటే ఎక్కువేమీ కానట్టు తేలింది. మనిషి మణికట్టు దగ్గర కలిగిన స్పర్శ మెదడు పైపొరకు చేరడానికి సుమారు 20 మిల్లీసెకన్లు పడుతుంది. కంటిలో పడిన వెలుగు దృష్టికి సంబంధించిన మెదడు భాగాన్ని కదిలించడానికి అంతకు రెట్టింపుకు పైగా పడుతుంది. ఒక దీపం వెలగగానే మీట నొక్కమంటే ఆరోగ్యవంతుడైన మనిషికి 200 మిల్లీసెకన్లకు పైగానే కావాలి.

ఈ చివరి అంకెను చూసి చాలామంది ఒక తప్పుడు నిర్ణయానికి వస్తారు. ప్రతిస్పందించడానికే 200 మిల్లీసెకన్లు పట్టే ప్రాణికి 20 మిల్లీసెకన్ల తేడా ఎలా తెలుస్తుందని వారి వాదన. స్పందించే వేగం వేరు, తేడాను పసిగట్టే సూక్ష్మత వేరు. ఆస్ట్రియాకు చెందిన సిగ్మండ్ ఎక్స్‌నర్ 1875లోనే రెండు చిటపట ధ్వనుల మధ్య 2 మిల్లీసెకన్ల ఎడం ఉన్నా మనిషి వాటిని రెండుగా గుర్తించగలడని, పక్కపక్కన పుట్టే రెండు విద్యుత్ మెరుపుల విషయంలో ఏది ముందో చెప్పడానికి 44 మిల్లీసెకన్ల వరకు కావాలని చూపాడు. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. తాను చేయబోయే పనికి ఫలితం ఎప్పుడు, ఎక్కడ, ఎలా ఉంటుందో మెదడు ముందే అంచనా వేసుకుంటుంది. నరాల నెమ్మదితనాన్ని ఆ అంచనాతోనే పూడ్చుకుంటుంది. కాబట్టి తెర ముందు కూర్చున్న మనిషి జాప్యాన్ని గడియారంతో కొలిచినట్టు కొలవడం లేదు. తన మెదడు వేసిన అంచనాతో ఫలితాన్ని సరిపోల్చుతున్నాడు. ఆ రెండూ కలవకపోతే కలిగే తేడాయే అతడికి అందే అనుభవం.

ఇంతకూ ఈ జాప్యం ఎక్కడ పుడుతుంది? కీబోర్డులో ఒక మీటను నొక్కినప్పుడు లోపలి లోహపు రేకులు ఒక్కసారిగా అంటుకోక కొన్ని మిల్లీసెకన్లపాటు అదురుతాయి గనుక, అదురు అణగేదాకా కీబోర్డు ఆగి, అప్పుడు మాత్రమే నొక్కినట్టు ఒప్పుకుంటుంది. కంప్యూటర్ కీబోర్డును నిర్ణీత విరామాలలో మాత్రమే పలకరిస్తుంది. సాధారణ యూఎస్‌బీ కీబోర్డుల్లో ఆ విరామం చాలాకాలంగా 8 మిల్లీసెకన్లుగా ఉంది. అందిన వార్తను ఆపరేటింగ్ సిస్టమ్ సరైన అనువర్తనానికి అప్పగించాలి, ఆ అనువర్తనం తెరను కొత్తగా గీయాలి, అలా గీసిన కిటికీలన్నిటినీ కలిపి ఒకే చిత్రంగా కూర్చే మరొక ప్రోగ్రామ్ తన వంతు కోసం వేచి చూడాలి. సెకనుకు 60 సార్లు మారే తెరలో ఒక్కో చిత్రానికి, అంటే ఫ్రేమ్‌కు, దాదాపు 16.7 మిల్లీసెకన్ల గడువు ఉంటుంది. ఆ గడువు ఒక్క మిల్లీసెకను తేడాతో తప్పిపోయినా పని మొత్తం తరువాతి ఫ్రేమ్ దాకా నిలిచిపోతుంది. చివరికి తెర పై వరుస నుంచి కింది వరుస దాకా చిత్రాన్ని నింపడానికి, ద్రవ స్ఫటికాలు తమ స్థితిని మార్చుకోవడానికి మరికొంత సమయం పోతుంది. వీటిలో ఏ ఒక్కటీ పెద్దది కాదు, ఏ ఒక్క దశనూ నిర్మించినవారు తమ వంతును తప్పుగా భావించరు. అయినా అన్నీ కలిసేసరికి 100 మిల్లీసెకన్లు సునాయాసంగా దాటిపోతాయి. 1983 నాటి ఆపిల్ టూ ఈ అనే చిన్న కంప్యూటర్‌లో మీట నొక్కిన తరువాత అక్షరం తెరపైకి రావడానికి సుమారు 30 మిల్లీసెకన్లే పట్టేదని, దానికంటే వేల రెట్లు శక్తిగల నేటి కంప్యూటర్లలో అనేకం 100 మిల్లీసెకన్లకు మించి తీసుకుంటున్నాయని డాన్ లూ అనే ఇంజనీరు 2017లో వేగవంతమైన కెమెరాతో కొలిచి చూపాడు. శక్తి పెరిగినకొద్దీ నడుమ పొరలూ పెరిగాయి. పాత యంత్రంలో మీటకూ తెరకూ మధ్య అడ్డుపడే ప్రోగ్రాములు దాదాపుగా లేవు.

100 మిల్లీసెకన్ల సూత్రానికి ఆద్యుడిగా ఐబీఎం సంస్థలో పనిచేసిన రాబర్ట్ మిల్లర్‌ను చెప్పుకుంటారు. ఆయన పత్రం 1968లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన కంప్యూటర్ మహాసభ సంపుటంలో వెలువడింది. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌ను లోకానికి ప్రదర్శించినది కూడా ఆ మహాసభలోనే. మీట నొక్కితే నొక్కినట్టు తెలియడం మొదలుకొని పెద్ద ప్రశ్నకు సమాధానం కోసం ఎదురుచూడడం దాకా రకరకాల సందర్భాలను విడదీసి, ఒక్కోదానికి ఎంత జాప్యాన్ని మనిషి సహిస్తాడో మిల్లర్ అంకెలు ఇచ్చాడు. ఆ అంకెలు ప్రయోగాల నుంచి వచ్చినవి కావని, మానవ ప్రవర్తనను అధ్యయనం చేసిన వ్యక్తిగా తాను వేసిన అంచనాలని ఆయన దాచకుండా చెప్పాడు. అంతేకాదు, తెరపై వెలుగును పసిగట్టే కలంతో గీతలు గీసే సందర్భంలో నెమ్మదిగా, ఆచితూచి గీస్తేనే పదోవంతు సెకను సరిపోతుందని షరతు కూడా పెట్టాడు. తరువాతి కాలంలో 1993లో జేకబ్ నీల్సన్ రాసిన పుస్తకం ద్వారా పదోవంతు సెకను, ఒక సెకను, పది సెకన్లు అనే మూడు హద్దులు లోకమంతా వ్యాపించాయి. వ్యాప్తిలో మిల్లర్ షరతు జారిపోయి అంకె ఒక్కటే మిగిలింది. షరతు లేని అంకె ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఈ రంగంలో దొరకడం కష్టం.

ఆ అంకె పూర్తిగా పనికిమాలినదని కాదు. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయంలో ఆల్బెర్ట్ మిషోట్ 1946లో ప్రచురించిన గ్రంథం దానికి బలమైన ఆధారాన్ని సమకూర్చింది. ఒక చతురస్రం కదిలివచ్చి రెండవదాన్ని తాకగానే రెండవది కదిలితే, మొదటిది రెండవదాన్ని నెట్టిందని చూసేవారందరికీ తోస్తుంది. తాకిడికీ కదలికకూ మధ్య ఎడం పెంచుతూ పోతే, పదోవంతు సెకను దాకా నెట్టినట్టే ఉంటుంది. రెండు పదోవంతులకు చేరేసరికి ఆ భావన చెదిరి, రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా విడివిడిగా కదిలినట్టు కనిపిస్తాయి. తెరపై ఒక బొత్తామును నొక్కినప్పుడు జరిగేది ఇదే. ఫలితం 100 మిల్లీసెకన్ల లోపు వస్తే మనిషి తానే ఆ పని చేసినట్టు భావిస్తాడు. అది దాటితే తాను అడిగాడు, యంత్రం చేసింది అన్న భావన మొదలవుతుంది. ఒక్కసారి తాకి వదిలే పనికి సంబంధించినంతవరకు మిల్లర్ అంచనా గౌరవించదగినదే.

వేలు తెరపై ఆనించి, ఒక బొమ్మను లాగుకుంటూ పోయే పని విషయంలో మాత్రం లెక్క తారుమారవుతుంది. వేలు సెకనుకు అర మీటరు వేగంతో కదులుతున్నప్పుడు 100 మిల్లీసెకన్ల జాప్యం అంటే బొమ్మ వేలికి 5 సెంటీమీటర్లు వెనకబడి ఉండడం, అంటే సామాన్యమైన ఫోను వెడల్పులో సగానికి పైగా. 10 మిల్లీసెకన్లయితే 5 మిల్లీమీటర్లు, ఒక్క మిల్లీసెకను అయితే అర మిల్లీమీటరు. అర మిల్లీమీటరు ఎడాన్ని పట్టుకోవడం కంటికి కష్టమే కాదు. కాలాన్ని కొలవడంలో మందకొడిగా ఉన్న కన్ను, స్థలాన్ని కొలవడంలో అతి చురుకైనది కావడం వల్ల, జాప్యం దూరంగా మారిన మరుక్షణం మనిషి దానికి సాక్షి అవుతాడు. మౌస్ విషయంలో ఇది అంతగా బయటపడదు. చేయి బల్లమీద, బాణపు గుర్తు తెరమీద ఉండడం వల్ల రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే వీలు లేదు. టచ్‌స్క్రీన్‌లో ఆ వీలు ఎప్పుడూ ఉంటుంది.

మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలలో పాల్ డీట్జ్, ఆల్బర్ట్ ఎన్‌జీ, టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ విగ్డర్ మొదలైనవారు 2012లో ఒక్క మిల్లీసెకను జాప్యంతో పనిచేసే తెరను నిర్మించి ఈ విషయాన్ని పరీక్షకు పెట్టారు. నాటి మార్కెట్‌లోని టచ్ పరికరాల జాప్యం 50 నుంచి 200 మిల్లీసెకన్ల మధ్య ఉండేది. ఒక పెట్టె బొమ్మను వేలితో లాగుతూ, ఒక మిల్లీసెకను జాప్యం గల స్థితికీ అంతకంటే ఎక్కువ గల స్థితికీ తేడా ఎప్పుడు తెలుస్తోందని అడిగితే, పాల్గొన్నవారు సగటున 6 మిల్లీసెకన్ల దగ్గరే కనిపెట్టారు; అందరికంటే సూక్ష్మంగా గుర్తించిన వ్యక్తికి 2 మిల్లీసెకన్ల చిల్లరే సరిపోయింది. మరుసటి ఏడాది ఇదే బృందంలోని వారితో కలిసి రికార్డో జోటా చేసిన అధ్యయనంలో, తాకి వదిలే పనికి ఈ హద్దు సగటున 64 మిల్లీసెకన్లని, లాగి ఒకచోట పెట్టే పనిలో జాప్యాన్ని 25 మిల్లీసెకన్ల దాకా తగ్గిస్తూ పోయినకొద్దీ మనిషి పనితనం మెరుగవుతూనే ఉందని తేలింది. అవే కళ్లు, అవే చేతులు. పనిని బట్టి హద్దు పది రెట్లు మారింది. ఏ పనికి అన్నది అడగకుండా మనిషి ఎంత జాప్యాన్ని గుర్తించగలడని అడిగితే ఆ ప్రశ్నకు సమాధానం ఉండదు.

తల తిప్పే పనికి ఈ హద్దు మరింత కఠినం. కళ్లకు కట్టుకునే వర్చువల్ రియాలిటీ పరికరంలో తల సెకనుకు 100 డిగ్రీల వేగంతో తిరిగితే, 20 మిల్లీసెకన్ల జాప్యానికి లోకం 2 డిగ్రీలు పక్కకు జరిగినట్టు ఉంటుంది. అది ఆకాశంలో నాలుగు పున్నమి చంద్రులను వరుసగా పేర్చినంత మేర. చెవి లోపలి సమతౌల్య అవయవం చెప్పేదానికీ కన్ను చెప్పేదానికీ పొత్తు కుదరక కడుపులో వికారం మొదలవుతుంది. ఆ స్థితిలో ఉన్నవారెవరూ తెర ఆలస్యంగా కదులుతోందని ఫిర్యాదు చేయరు. ఒంట్లో బాగాలేదంటారు.

జాప్యం కాలంగా కాక వేరొక రూపంలో అందుతుందనడానికి తెరలతో సంబంధం లేని ప్రయోగాలు కూడా సాక్ష్యం చెబుతున్నాయి. లండన్‌లో సారా జేన్ బ్లేక్‌మోర్, క్రిస్ ఫ్రిత్, డేనియల్ వోల్పర్ట్ 1999లో ప్రచురించిన పరిశోధనలో, మనిషి తన ఎడమచేతితో ఒక రోబో చేతిని కదిలిస్తే అది అతడి కుడి అరచేతిని మెత్తగా తాకే ఏర్పాటు చేశారు. ఎవరికి వారు కితకితలు పెట్టుకుంటే నవ్వు రాదన్నది అందరికీ తెలిసిన సంగతే. రోబో స్పర్శను 100, 200, 300 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తూ పోయినకొద్దీ తన స్పర్శే తనకు కితకితలు పెట్టసాగింది. మెదడు దానిని పరాయి స్పర్శగా లెక్కించడం మొదలుపెట్టింది. గొంతుకు సంబంధించిన ఉదాహరణ ఇంకొకటి ఉంది. 1950లో అమెరికాకు చెందిన బెర్నార్డ్ లీ, మాట్లాడుతున్న మనిషి గొంతును అతడి చెవుల్లోకే కొద్ది ఆలస్యంతో వినిపిస్తే అతడు నత్తినత్తిగా, సాగదీస్తూ మాట్లాడతాడని గమనించాడు. సుమారు 200 మిల్లీసెకన్ల దగ్గర ఈ ఇబ్బంది పరాకాష్ఠకు చేరుతుంది. అందుకే ప్రసారకులు ఆలస్యంగా తిరిగివచ్చే తమ గొంతును చెవుల్లో పడనివ్వరు. ఇక తెరల విషయానికే వస్తే, చేతి కదలికకు తెర మీద ఆలస్యంగా బదులు వచ్చినప్పుడు అదే వస్తువు బరువెక్కినట్టు తోస్తుందని జపాన్ పరిశోధకులు 2013లో చూపారు. ఫోను బరువుగా కదులుతోందని, మొరాయిస్తోందని జనం అనే మాటలను కేవలం అలంకారంగా కొట్టిపారేయరాదు. వారు తమకు నిజంగా కలిగిన ఇంద్రియానుభవాన్నే చెబుతున్నారు.

మెదడు జాప్యానికి అలవాటు పడుతుందన్నది నిజమే. డేవిడ్ ఈగిల్‌మన్, ఆయన సహచరులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, మీట నొక్కిన పదోవంతు సెకనుకు ఒక మెరుపు వచ్చేలా కొంతసేపు అలవాటు చేసి, తరువాత హఠాత్తుగా ఆ ఆలస్యాన్ని తీసివేస్తే, తాము నొక్కడానికి ముందే మెరుపు వచ్చిందని పాల్గొన్నవారు నివేదించారు. ఇంత సర్దుబాటు చేసుకోగల మెదడుకు సైతం అలవాటు పడడానికి ఒక స్థిరమైన అంకె కావాలి. ఒకసారి 40, మరోసారి 120, ఇంకోసారి 60 మిల్లీసెకన్లుగా ఊగిసలాడే జాప్యానికి అంచనా కుదరదు. వేలితో పేజీని పైకి నెడుతున్నప్పుడు అరవై ఫ్రేములలో రెండు మూడు తప్పిపోతే, సగటు లెక్క చూసిన ఇంజనీరుకు అంతా సవ్యంగానే కనిపిస్తుంది గాని చూసేవాడికి కదలిక వెక్కినట్టు ఉంటుంది. మృదంగ విద్వాంసుడు గాయకుడికి మూడున్నర మీటర్ల దూరంలో కూర్చుంటే గాలిలో శబ్దానికి 10 మిల్లీసెకన్లు పడుతుంది, అయినా తాళం చెడదు; అదే 2020 లాక్‌డౌన్ రోజుల్లో వీడియో కాల్ ద్వారా వేర్వేరు ఊళ్ల నుంచి కలిసి వాయించబోయినవారికి జాప్యం పెద్దదై, పైగా క్షణక్షణం మారుతూ ఉండడంతో ఆది తాళంలో ఒక్క ఆవర్తనం కూడా కుదరలేదు. ఆండ్రాయిడ్ నిర్మాతలు 2012లో ప్రాజెక్ట్ బటర్ అనే పేరుతో చేసిన సంస్కరణలో ముఖ్యాంశం వేగాన్ని పెంచడం కంటే, తెర లయకు అన్ని పనులనూ కట్టుబడేలా చేయడం.

దూరం వల్ల వచ్చే జాప్యాన్ని ఏ సంస్కరణా తొలగించలేదు. గాజు తంతువులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే ప్రయాణిస్తుంది. హైదరాబాదులో కూర్చుని, అమెరికా తూర్పు తీరంలోని కంప్యూటర్‌ను తన తెరమీదికి తెచ్చుకుని పనిచేసే ఉద్యోగికి సరళరేఖలో లెక్కించినా 13 వేల కిలోమీటర్ల దరిదాపు దూరం ఉంటుంది గనుక, మీట నొక్కిన వార్త వెళ్లి బదులు రావడానికి 130 మిల్లీసెకన్లు భౌతిక శాస్త్రానికే చెల్లించాలి. సముద్రగర్భ తీగలు సరళరేఖలో పోవు గనుక వాస్తవంలో అంతకు చాలా ఎక్కువ. ఇలాంటి స్థితిలో రోజుకు ఎనిమిది గంటలు టైపు చేసే తెలుగువారు వేలల్లో ఉన్నారు. ఎంఐటీలో కీత్ విన్‌స్టీన్, హరి బాలకృష్ణన్ 2012లో ప్రకటించిన మోష్ అనే ప్రోగ్రామ్ దీనికి ఒక తెలివైన ఉపాయాన్ని చూపింది. దూరపు యంత్రం ఏ అక్షరాన్ని చూపబోతోందో దగ్గరి యంత్రమే ఊహించి వెంటనే చూపుతుంది, ఖాయం కాని అక్షరాల కింద గీత పెడుతుంది, ఊహ తప్పితే దిద్దుకుంటుంది. సాధారణ మొబైల్ నెట్‌వర్క్ మీద సగం మీటలకు 500 మిల్లీసెకన్లకు పైగా పట్టే చోట, దాదాపు 70 శాతం మీటలకు బదులు తక్షణమే కనిపించసాగింది. నెట్‌వర్క్ వేగం ఏమాత్రం పెరగలేదు. మెదడు తన నరాల నెమ్మదితనాన్ని కప్పిపుచ్చుకునే పద్ధతినే యంత్రం కూడా అందిపుచ్చుకుంది.

ఆపిల్ సంస్థ 2019లో తన పెన్సిల్ జాప్యాన్ని 20 మిల్లీసెకన్ల నుంచి 9కి తగ్గించినట్టు ప్రకటించినప్పుడు కూడా అందులో కొంత భాగం, కలం మొన మరుక్షణం ఎక్కడికి పోతుందో ముందే ఊహించి గీయడం వల్ల సాధ్యపడింది. అన్నిచోట్లా ఇంత కష్టం అక్కరలేదు. 2007లో వచ్చిన ఐఫోన్‌లో వెబ్ పేజీని రెండుసార్లు తడితే పెద్దదయ్యే సౌకర్యం ఉండడంతో, ఒకసారి తట్టినప్పుడు రెండవ తట్టు వస్తుందేమోనని బ్రౌజర్ 300 మిల్లీసెకన్లు ఆగేది. ఇతర ఫోన్లూ దానినే అనుసరించాయి. ఫోను తెరకు తగిన వెడల్పుతో తయారైన పేజీల్లో ఆ ఎదురుచూపు అనవసరమని తెలిసి కూడా, క్రోమ్ 2014లోను, సఫారీ 2016లోను మాత్రమే దానిని తొలగించాయి. ఏ పనీ చేయకుండా ఉత్తినే వేచి ఉన్న ఈ జాప్యాన్ని ప్రపంచం ఏళ్ల తరబడి భరించడం క్షమించదగిన విషయం కాదు.

తెలుగు టైపు చేసేవారికి ఈ సమస్య మరింత చిక్కుగా ఎదురవుతుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో స్త్రీ అన్న ఒక్క అక్షరానికి సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫం, దీర్ఘపు గుడి అని ఆరు మీటలు నొక్కాలి. ఒక్కో మీటకు తెరమీది రూపం మారుతూ, కొత్తది చేరడమే కాక పాతదీ తన ఆకారాన్ని మార్చుకుంటుంది. ఇంగ్లీషులో ఒక అక్షరం ఆలస్యంగా వస్తే అది రాలేదని మాత్రమే తెలుస్తుంది. తెలుగులో ఆలస్యమైతే తెరపై నిలిచి ఉన్న సగం అక్షరం తప్పుగా పడిందేమోనన్న అనుమానం కలిగి, టైపు చేసేవారు వెనక్కి చెరిపే మీట నొక్కుతారు; ఈలోగా అసలు అక్షరం వచ్చి, అదీ చెరిగిపోతుంది. వత్తులనూ గుణింతాలనూ అమర్చే ఈ పనిని టెక్స్ట్ షేపింగ్ అంటారు. రోమన్ లిపిలో టైపు చేసి తెలుగులోకి మార్చుకునే పద్ధతిలో దానికి తోడు సూచనల జాబితాను వెతికే పని కూడా ఉంటుంది. తెలుగు సాఫ్ట్‌వేర్‌ను తీర్చిదిద్దేవారు అక్షరం అందంగా పడిందా అని చూసినంత శ్రద్ధగా, అది ఎంతసేపటికి పడిందని చూడకపోవడం పెద్ద లోపం.

ఈ భారాన్ని మోసేది ఎవరన్నది మరచిపోరాదు. అనువర్తనాలను నిర్మించేవారి చేతిలో ఖరీదైన ఫోను, బల్లమీద వేగమైన నెట్‌వర్క్ ఉంటాయి. అదే అనువర్తనం తక్కువ ధర ఫోనులో, నిండిపోయిన మెమరీతో, పల్లెటూరి సిగ్నల్ మీద నడిచినప్పుడు ప్రతి దశా రెండు మూడు రెట్లు సాగుతుంది. డబ్బు పంపే తెరమీద బొత్తాము నొక్కితే అర సెకను దాకా ఏ కదలికా లేకపోతే మనిషి మళ్లీ నొక్కుతాడు. వయసు మళ్లినవారు తమకే చేతకావడం లేదని అనుకుని ఫోనును పక్కన పెడతారు. లావాదేవీ పూర్తికావడానికి ఎన్ని సెకన్లయినా పట్టవచ్చు గాని, నొక్కిన బొత్తాము నొక్కినట్టు రంగు మారడానికి నెట్‌వర్క్‌తో పనిలేదు. దానిని 100 మిల్లీసెకన్ల లోపు చూపడం ప్రతి నిర్మాతకూ సాధ్యమే. జాప్యాన్ని గమనించని వారిపై కూడా దాని ప్రభావం ఉంటుందని గూగుల్ 2009లో ప్రకటించిన ప్రయోగం తెలిపింది. వెతుకులాట ఫలితాలను కొందరికి కావాలని 100 నుంచి 400 మిల్లీసెకన్లు ఆలస్యంగా చూపితే వారు చేసే వెతుకులాటలు 0.2 నుంచి 0.6 శాతం తగ్గాయి, ఆలస్యాన్ని తొలగించిన తరువాత కూడా కొంతకాలం ఆ తగ్గుదల కొనసాగింది. 2024 మార్చి నుంచి గూగుల్ వెబ్ పేజీల నాణ్యతను అంచనా వేసే కొలమానాలలో, తాకిన తరువాత తెర మారడానికి పట్టే కాలాన్ని కూడా చేర్చి, 200 మిల్లీసెకన్ల లోపు ఉంటే మంచిదిగా, 500 దాటితే అధ్వాన్నంగా లెక్కిస్తోంది. పై పరిశోధనల వెలుగులో చూస్తే 200 అన్నది ఉదారమైన హద్దే, అయినా వాడుకరుల అసలు ఫోన్ల నుంచే కొలతలు తీసుకోవడం మెచ్చుకోదగిన మార్పు.

ఇలాంటి కొలతకు పరిశోధనశాల అవసరం కూడా లేదు. నేటి ఫోన్లలో చాలావాటికి సెకనుకు 240 చిత్రాలు తీసే నెమ్మది కదలికల కెమెరా ఉంది. అంటే ఒక్కో చిత్రానికి 4 మిల్లీసెకన్ల చిల్లర. ఒక ఫోనుతో మరొక ఫోనును, వేలినీ తెరనూ కలిపి చిత్రించి, వేలు ఆనిన చిత్రం నుంచి తెర మారిన చిత్రం దాకా లెక్కపెడితే జాప్యం తెలిసిపోతుంది. ఇరవై చిత్రాలు వస్తే అది 83 మిల్లీసెకన్లు. ఒకసారి లెక్కపెట్టి ఊరుకుంటే చాలదు. వేలు ఏ క్షణంలో ఆనిందన్నది తెర లయతో సంబంధం లేనిది గనుక, ఒకే ఫోనులో ఒకే బొత్తాముకు కూడా ఒక ఫ్రేమ్ అటూ ఇటూ తేడా వస్తుంది. ఇరవై ముప్పై సార్లు కొలిచి, సగటుతో పాటు అన్నిటికంటే పెద్ద అంకెను కూడా రాసుకోవాలి. వాడేవారి చేతికి తెలిసేది ఆ పెద్ద అంకే.